ఎత్తుకుపోయాడా, లేచిపోయిందా?

గ్రీకు పురాణాలు పిల్లలకి చదివి వినిపిద్దామని కూర్చున్నాక నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఒక క్రియాపదం. ప్యారిస్ అనే ట్రాయ్ రాకుమారుడు స్పార్టా రాజు ఇంటికి అతిథిగా వెళ్ళి, ఆ రాజు ఊళ్ళో లేని సమయం చూసి అతని భార్య హెలెన్‌ని ఏం చేశాడు? ఎత్తుకుపోయాడా? లేవదీసుకుపోయాడా? లేక హెలెనే అతనితో లేచిపోయిందా? ఇంగ్లీషు పుస్తకం ఎదురుగా పెట్టుకుని, నోటితో తెలుగు చేసుకుంటూ చదివేదాన్ని కాబట్టి అక్కడికి రాగానే ఏదో ఒక మాట అనక తప్పదు. మూడు మాటలూ ఒకే సంఘటనకి వాడొచ్చు. కానీ మొదటి మాటలో నేరం అతనిది. మూడో మాటలో తప్పు ఆమెది. మధ్య మాటలో తప్పు ఇద్దరిదీనూ, పోయిన పరువు మాత్రం భర్తది.

మాది బుచ్చయ్యపేట. 2022లో జిల్లాలు విడదీసేదాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చెరుకూ వరీ పండే ఊళ్ళు. సాహిత్యంలో పిహెచ్.డి. అయ్యాక ఇంటి దగ్గర నుంచే నా పరిశోధన పనులు చేసుకుంటున్నాను. వేసవి సెలవుల్లో నా శ్రోతలు ముగ్గురు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, విశాఖపట్నం నుంచి వచ్చిన పన్నెండేళ్ళ మేనల్లుడు, మా వీధిలోనే ఉండే పదకొండేళ్ళ పిల్ల. ఆ పిల్ల అమ్మానాన్నలు కూలి పనికి వెళ్తారు. బడి లేని రోజుల్లో పగలంతా మా ఇంట్లోనే ఉంటుంది. నాలుగో శ్రోత మా అమ్మ. తను వినడం లేదన్నట్టు చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చుంటుంది గానీ ఒక్క ముక్క వదిలిపెట్టదు.

గ్రీకు పురాణాలు కావాలని అడిగింది మేనల్లుడు. రిక్ రియోర్డన్ రాసిన పెర్సీ జాక్సన్ పుస్తకం మీద తీసిన సినిమా చూసొచ్చి, "అత్తా, అసలు కథలు నీకు తెలుసా?" అన్నాడు. "మన రావాయణం, బారతం ఉండగా ఆళ్ళ దేవుళ్ళెందుకే?" అంది అమ్మ. ఆమె ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది కానీ అప్పుడు చెప్పలేదు. మా చుట్టుపక్కల పది ఊళ్ళలో జ్యూస్‌కి కొబ్బరికాయ కొట్టేవాళ్ళెవరూ లేరు. ఆ దేవుడు చేసిన పని మంచిదా చెడ్డదా అని పిల్లలు నోరారా అడగొచ్చు. ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. ఇంద్రుడి గురించి ఆ మాట అడగాలంటే ఇంట్లోనే నలుగురు గుర్రుగా చూస్తారు.

ఇక పుస్తకాలు. పిల్లల కోసం తెలుగులో గ్రీకు కథలంటే మా తరానికీ, మా ముందు తరానికీ గుర్తొచ్చేది చందమామే. కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికని నడిపిన కాలంలో ఇలియడ్, ఒడిస్సీ కథలు 'భువనసుందరి', 'రూపధరుని యాత్రలు' పేర్లతో ధారావాహికలుగా వచ్చాయి. పరాయి కథని మన పిల్లల నోటికి అలవాటైన పేర్లతో, ఎక్కడా తడబడకుండా చెప్పిన ఆ వచనాన్ని చూసి ఇప్పటికీ అసూయపడతాను. అయినా ఆ మొదటి పేరు దగ్గర ఆగాల్సొస్తుంది. ఒడిస్యూస్ తన తెలివికి, మారువేషాలకి తగ్గట్టు రూపధరుడయ్యాడు. హెలెన్ భువనసుందరి అయింది. అతని పేరు అతను చేసే పనిని చెబుతుంది, ఆమె పేరు ఆమెని చూసేవాళ్ళ సంగతి చెబుతుంది. ఇలియడ్ మూడో సర్గలో హెలెన్ మొదటిసారి మనకి కనిపించేటప్పటికి మగ్గం ముందు కూర్చుని, తన కోసమే జరుగుతున్న యుద్ధాన్ని బట్టలో నేస్తూ ఉంటుంది. తనని తానే తిట్టుకుంటుంది. తనని పక్కకి పిలవడానికొచ్చిన ప్రేమదేవతకి ఎదురు తిరుగుతుంది. అందం అన్న ఒక్క మాటలో ఆ మనిషి ఇమడదు.

చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. పాత సంచికలు దొరికితే సంతోషమే. కానీ ముగ్గురు పిల్లలకి వేసవంతా సరిపడా కథలు కావాలంటే ఇంగ్లీషు పుస్తకాల మీదే ఆధారపడాలి. అవి మా ఊరికి పార్సిల్‌లో వస్తాయి, కొనే ముందు తిప్పి చూసే వీలుండదు. అందుకని ఏ పుస్తకమైనా చేతికి రాగానే ముందు కొన్ని పేజీలు తీసి చూడడం అలవాటు చేసుకున్నాను. పెర్సెఫొనీ కథ, మెడూసా కథ, జ్యూస్ భూమి మీదికి దిగొచ్చే ఘట్టాలు. ఈ మూడుచోట్లా రచయిత ఏ క్రియాపదం వాడాడో చూస్తే మిగతా పుస్తకం ఎలా ఉంటుందో దాదాపు తెలిసిపోతుంది.

ఇంగ్లీషు చదివే పిల్లల ఇళ్ళలో అరవై ఏళ్ళకు పైగా నిలిచిన పుస్తకం ఇంగ్రి, ఎడ్గర్ డోలేర్ దంపతులు 1962లో తెచ్చిన గ్రీకు పురాణాల పుస్తకం. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి. మా అమ్మాయి ఆ బొమ్మల మీదే గంటలు గడిపింది. అందులో జ్యూస్ మారువేషాల్లో భూమికి దిగొచ్చి మానవకన్యలని "పెళ్ళి చేసుకుంటాడు". ఎద్దు రూపంలో వచ్చి యూరోపాని సముద్రం దాటించడం, పరారిలో ఉన్న అయోని వెంటాడడం, భర్త వేషంలో అల్క్‌మీనీ దగ్గరికి వెళ్ళడం అన్నీ ఆ పెళ్ళి అనే గొడుగు కిందికి వస్తాయి. పిల్లల పుస్తకం కదా, ఇంకేం రాస్తారు అనొచ్చు. కానీ మన దేశంలో బలవంతం చేసినవాడికే ఆ అమ్మాయినిచ్చి పెళ్ళి చేసి "సర్దుబాటు" చేసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. పెళ్ళి అన్న మాట వేస్తే జరిగింది మారిపోతుందన్న నమ్మకమే ఆ పంచాయితీలదీనూ. మా అమ్మాయి వేళ్ళు లెక్కపెట్టి, "అన్ని పెళ్ళిళ్ళయితే ఒక్క పెళ్ళికి కూడా భోజనాలు పెట్టలేదేంటమ్మా?" అంది. నవ్వాను గానీ, సరైన చోటే పట్టుకుంది. పెళ్ళికి ఇద్దరుండాలి, నలుగురు సాక్షులుండాలి. ఇక్కడ ఒక్కడే ఉన్నాడు.

పెర్సెఫొనీ కథ మీద మేం నాలుగు రోజులు గడిపాం. అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ 1853లో 'టాంగిల్‌వుడ్ టేల్స్'లో ఈ కథని పిల్లల కోసం రాశాడు. కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి కాబట్టి ఉచితంగా దొరుకుతుంది. ఆ కథలో పాతాళ రాజు ఒంటరితనంతో బాధపడుతున్న పెద్దమనిషి. తన చీకటి భవనంలో సందడి చేయడానికి ఒక చిన్నపిల్ల కావాలని తీసుకుపోతాడు. పిల్ల మొదట ఏడ్చినా పోనుపోను ఆయన మీద జాలిపడుతుంది. ఆకలేసి దానిమ్మ పండు తనే నోట్లో పెట్టుకుంటుంది. చివరికి అమ్మ దగ్గరికొచ్చాక, ఆర్నెల్లు అక్కడ ఉండాలన్నా మరీ అంత బాధ లేదన్నట్టు మాట్లాడుతుంది. చదవడానికి ఎంతో ముద్దుగా ఉంటుంది, అందుకే భయం వేస్తుంది. ఎత్తుకుపోయినవాడి మీద జాలిపడడం నేర్పే కథ తొమ్మిదేళ్ళ పిల్లకి నేను చదవను.

ఆ కథకి మూలం వెతుక్కుంటూ వెళ్తే, క్రీస్తుకి ఆరేడు వందల ఏళ్ళ ముందు హోమర్ పేరు మీద చెలామణి అయిన డిమీటర్ స్తోత్రం ఉంది. హెలీన్ ఫోలీ 1994లో దానికి అనువాదం, వ్యాఖ్యానం కలిపి పుస్తకం తెచ్చారు. పరిశోధనలో భాగంగా ఎప్పుడో చదివిన ఆ పద్యాన్ని పిల్లల కోసం మళ్ళీ తీశాను. పిల్లల పుస్తకాలు దాచినవన్నీ అందులో ఉన్నాయి. పిల్ల పూలు కోస్తూ ఉంటుంది. ఆమెని వలలో వేయడానికే ఒక నార్సిసస్ పువ్వుని భూమి చేత పూయిస్తారు. అలా పూయించమన్నది ఎవరో కాదు, తండ్రి జ్యూసే. తల్లికి చెప్పకుండా తన అన్నకి కూతుర్ని ఇచ్చేశాడు. పిల్ల కేక వేస్తుంది, అదీ తండ్రి పేరు పెట్టే. ఆ సమయానికి ఆయన ఎక్కడో దూరంగా తన గుళ్ళో కూర్చుని భక్తుల నైవేద్యాలు అందుకుంటూ ఉంటాడు.

ఇక్కడ మా అమ్మ చింతపండు పక్కన పెట్టేసింది. "ఇది మన పూర్ణమ్మ కతే గదే" అంది. ఏడో తరగతితో చదువాగిపోయిన మనిషి. గురజాడ 'పూర్ణమ్మ' మాత్రం ఆమెకి ఇప్పటికీ నోటికి వచ్చు. పూజారి ఇంటి పిల్ల, దుర్గ గుడికి పూలు కోసే పిల్ల, డబ్బుకి ఆశపడిన తండ్రి ముసలివాడికి ఇచ్చేసిన పిల్ల. గురజాడ 1862లో పుట్టింది మా జిల్లాలోనే, ఎస్. రాయవరంలో. నాకు ఇన్నేళ్ళ పరిశోధనలో తట్టని పోలిక అమ్మకి ఒక్క నిమిషంలో తట్టింది. పూలు, తండ్రి, బేరం. తేడా ఒక్కటే, పూర్ణమ్మ కోసం ఏ తల్లీ లోకాన్ని స్తంభింపజేయలేదు. పూర్ణమ్మ ఎప్పటి మాటో అనుకోవడానికీ లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలలో సుమారు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది.

డిమీటర్ తొమ్మిది రోజులు కాగడాలు పట్టుకుని తిండి లేకుండా తిరుగుతుంది. పిల్ల కేక విన్న దేవత ఒకామె ఉంది. జరిగింది కళ్ళారా చూసిన దేవుడు ఒకడున్నాడు, సూర్యుడు. ఆయన నిజం చెబుతాడు గానీ, వెంటనే ఒక సలహా కూడా పడేస్తాడు. నీ అల్లుడికి ఏం తక్కువ, నీ సొంత తోడబుట్టినవాడే కదా, మూడోవంతు లోకానికి రాజు కదా, ఇక ఏడుపు మానుకో అని. ఈ మాట చదివి తెలుగులో చెబుతూంటే ఏ కొత్త పదమూ వెతుక్కోవాల్సిన పని పడలేదు. పెళ్ళికి ఎదురు చెప్పిన ప్రతి ఆడపిల్ల ఇంటి అరుగు మీదా ఏదో ఒక పెద్దాయన కూర్చుని అన్న మాటలే అవి.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఇంగ్లీషు పుస్తకాలు పెద్దగా మాట్లాడకుండా దాటేసే సంగతి ఆ ఇద్దరి చుట్టరికం. మా పిల్లలకి అది ఇబ్బందే కాలేదు. "అమ్మకి తమ్ముడో అన్నో అయితే మేనమామే కదా, చేసుకుంటారు" అంది ఎదురింటి పిల్ల. మేనరికాల మధ్య పెరిగిన పిల్లల దృష్టి నేరుగా అసలు విషయం మీదికే వెళ్ళింది. "మరి ఆ అమ్మాయిని అడగలేదేటి?" ఆ పిల్ల అడిగిన ఈ ప్రశ్నే మాకు ఆ వేసవంతా గీటురాయి అయింది.

స్తోత్రంలో ఆమెని అడిగినవాళ్ళు ఒకరున్నారు, తల్లి. తిరిగొచ్చిన కూతుర్ని డిమీటర్ మొదట అడిగేది, అక్కడ ఏమైనా తిన్నావా, ఎలా జరిగింది అనే. అంతకుముందే కవి తన మాటగా, పాతాళ రాజు దానిమ్మ గింజని రహస్యంగా తినిపించాడని చెప్పి ఉంటాడు. కూతురు తన మాటగా చెప్పినప్పుడు, ఇష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడంటుంది. ఈ రెండు మాటల మధ్య తేడా గురించి పండితులు చాలా రాశారు. పిల్ల తల్లి దగ్గర భయపడి మార్చి చెప్పిందేమోనని అనుమానించినవాళ్ళూ ఉన్నారు. నేను పిల్లలకి రెండూ చదివి ఊరుకున్నాను. "జరిగింది ఆవిడికి కదా, ఆవిడికే బాగా తెలుస్తాది" అంది మా అమ్మ.

మరో సంగతి ఋతువులది. దాదాపు ప్రతి పిల్లల పుస్తకంలోనూ ఇది చలికాలం ఎందుకొస్తుందో చెప్పే కథ. బొమ్మల్లో మంచు. మంచు ఎరగని మా ఊళ్ళో అది అంటుకోదు. స్తోత్రంలో డిమీటర్ చేసింది వాతావరణం మార్చడం కాదు, పని ఆపేయడం. ఎద్దులు దున్నుతాయి, రైతులు విత్తనం చల్లుతారు, కానీ ఆమె ఒక్క గింజనీ మొలకెత్తనివ్వదు. మనుషులు ఆకలితో చస్తారు, దేవుళ్ళకి నైవేద్యాలు ఆగిపోతాయి. అప్పుడుగాని జ్యూస్‌కి చలనం రాదు. ఒకరి తర్వాత ఒకరు దేవుళ్ళు కానుకలు పట్టుకుని బతిమాలడానికొస్తారు. నా కూతుర్ని చూసేదాకా కుదరదంటుంది. గ్రీసులో పొలాలు ఎండి బీటలు తీసేది వేసవిలోనే కాబట్టి, కూతురు భూమి కింద ఉండే కాలం ఎండాకాలమే కావచ్చని కొందరు పండితుల వాదన. మే నెలలో కోతలైపోయిన మా మళ్ళు చూస్తూ ఈ మాట చెబితే పిల్లలకి వెంటనే తెలిసింది. "సమ్మె చేసిందన్నమాట" అన్నాడు మేనల్లుడు. అంతకన్నా మంచి వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు.

మెడూసా కథ వయసుని బట్టి చెప్పాల్సింది. పాత గ్రీకు కవి హీసియడ్‌కి ఆమె గోర్గన్ జాతి అక్కచెల్లెళ్ళలో చావు రాసిపెట్టిన ఒక్కతె. రోమన్ కవి ఓవిడ్ దగ్గరికొచ్చేసరికి ఆమె అందమైన యువతి. సముద్రదేవుడు ఆమెని మినర్వా గుడిలోనే బలాత్కరిస్తాడు. దేవత కోపం మాత్రం ఆమె మీదికి మళ్ళి జుట్టు పాములవుతుంది. ఇంగ్లీషు రచయిత చార్లెస్ కింగ్స్‌లీ 1856లో తన పిల్లల కోసం రాసిన 'ది హీరోస్'లో, ఆమె ఒకప్పుడు అందగత్తె అనీ, గర్వంతో సూర్యుడే మొహం దాచుకునేంత పాపం చేసిందనీ అంటాడు. 2005లో వచ్చిన పెర్సీ జాక్సన్ మొదటి పుస్తకంలో ఆమె సముద్రదేవుడి ప్రియురాలు, ఇద్దరూ కూడబలుక్కుని గుళ్ళో కలుసుకున్నారు. బలాత్కారం కాస్తా ఒకసారి ఆమె పాపంగా, ఇంకోసారి ప్రేమ వ్యవహారంగా మారింది. మొదటిది మతభక్తి చేసిన పని, రెండోది పిల్లల పుస్తకం సరదాగా ఉండాలన్న ఆత్రం చేసిన పని. రెండిట్లోనూ సముద్రదేవుడికి శిక్ష లేదు, కనీసం నింద కూడా లేదు.

పన్నెండేళ్ళ మేనల్లుడికి ఓవిడ్ చెప్పినట్టే చెప్పాను. "ఆమెకి ఇష్టం లేకుండా" అన్న మాట చాలు, వివరాలు అక్కర్లేదు. మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి ఈ పిల్లలకి తెలుసు. మనం అనుకున్నంత అమాయకులేం కాదు. చిన్నదానికి మాత్రం మెడూసా మొహం గురించి చెప్పాను. గ్రీకులు నాలుక బయటపెట్టిన ఆ మొహాన్ని డాళ్ళ మీద, గుళ్ళ మీద, కుండలు కాల్చే బట్టీల మీద కూడా పెట్టుకునేవారు, చెడు దగ్గరికి రాకుండా. "అయితే దిష్టిబొమ్మ" అంది. మా వీధిలో కడుతున్న కొత్త ఇంటికి అలాంటిదే వేలాడుతోంది మరి. భయపెట్టే ఆడమొహం కాపలా కాస్తుందని నమ్మిన మనుషులే ఆ మొహం తెగనరికిన మగవాణ్ణి వీరుడన్నారు. తల తెగిన రేణుక ఎల్లమ్మగా పూజలందుకునే దేశంలో పుట్టిన మనకి ఇదేం కొత్త కాదు.

మళ్ళీ హెలెన్ దగ్గరికి వస్తాను. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దం వాడైన చరిత్రకారుడు హెరొడోటస్ తన గ్రంథం మొదట్లోనే అయో, యూరోపా, మీడియా, హెలెన్ల అపహరణల జాబితా చెప్పి, పారశీకులు ఇలా అంటారని ఒక మాట రాశాడు. ఆడవాళ్ళకి ఇష్టం లేకపోతే ఎవరూ ఎత్తుకుపోలేరు కదా, దానికోసం యుద్ధాలేమిటి అని. పాలకేంద్రం దగ్గర నిలబడితే ఈ మాట మా ఊళ్ళో ఈ రోజు కూడా వినొచ్చు. ఇంటర్ చదివే అమ్మాయి ఇంట్లో కనబడకపోతే మధ్యాహ్నానికల్లా "లేచిపోయింది" అని ఖాయం చేసేస్తారు. సాయంత్రానికి పోలీసు కాగితాల్లో అదే సంగతి "కిడ్నాప్" అవుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండకపోతే ఆమె ఒప్పుకున్నా సరే అది అపహరణే అంటుంది చట్టం. ఆ చట్టం అవసరమే. కానీ కులం తక్కువవాడితో ఇష్టపడి వెళ్ళిన అమ్మాయి కాగితం మీద ఎత్తుకుపోబడినదవుతుంది. మోసపోయి, భయపడి వెళ్ళిన అమ్మాయి వీధిలో లేచిపోయినదవుతుంది. రెండుచోట్లా ఆమె ఏమందో ఎవరికీ అక్కర్లేదు.

గ్రీకులు ఈ ఒక్క క్రియాపదం మీద వందల ఏళ్ళు తగవులాడుకున్నారు. హెలెన్ తను ప్రేమించినదాని కోసమే ఇల్లు విడిచి వెళ్ళిందంది కవయిత్రి సాఫో, అందులో నింద లేదు. దేవుళ్ళ ఇష్టమైనా, బలవంతమైనా, మాటలతో మాయ చేసినా, ప్రేమే అయినా, నాలుగిట్లో ఏ కారణం వల్ల వెళ్ళినా తప్పు ఆమెది కాదని వాదించాడు గోర్గియాస్. యూరిపిడిస్ క్రీ.పూ. 412లో నాటకం రాస్తూ అసలామె ట్రాయ్‌కే వెళ్ళలేదు, వెళ్ళింది ఆమె మాయారూపం, ఆమె ఈజిప్టులో పవిత్రంగా ఉందన్నాడు. అధ్యాత్మ రామాయణంలో రావణుడు తీసుకుపోయింది మాయాసీతని. ఆమెని కాపాడడానికి రెండు దేశాల కవులకీ ఒకే ఉపాయం తట్టింది, అక్కడ ఆమె లేదనడం. సీతనీ హెలెన్‌నీ, అహల్యనీ అల్క్‌మీనీనీ పక్కపక్కన పెట్టి వెండీ డోనిగర్ 1999లో ఒక పుస్తకమే రాశారు. పిల్లలకి ఇవన్నీ ఒక్కొక్కటిగా చెప్పాను. ఒకే కథకి నాలుగు సమాధానాలుండొచ్చని తెలిసిన పిల్లలు, వీధిలో వినబడిన మొదటి మాటనే నిజమనుకోరని నా ఆశ. హెలెన్ దగ్గర నేను చివరికి వాడిన మాట "వెళ్ళింది". ఎలా వెళ్ళిందో మాట్లాడుకుందాం అని పుస్తకం మూసేసేదాన్ని.

ఒడిస్సీలో ఒక ఘట్టం దాదాపు అన్ని పిల్లల పుస్తకాలూ వదిలేస్తాయి. ఒడిస్యూస్ ఇంటికి తిరిగొచ్చి పెనెలొపీని వేధించినవాళ్ళని చంపాక, వాళ్ళతో పడుకున్నారన్న నేరం మీద పన్నెండుమంది దాసీలని ముందు ఆ నెత్తురంతా కడిగించి, తర్వాత చంపమంటాడు. ఉరి వేసేది కొడుకు టెలిమాకస్. పాత ఇంగ్లీషు అనువాదాలు చాలామటుకు ఆ దాసీలకి బూతుమాటలు తగిలించాయి. 2017లో ఒడిస్సీని అనువదించిన ఎమిలీ విల్సన్ మూలంలో అలాంటి తిట్టేదీ లేదని చూపించారు. బానిస పిల్లకి ఇంటికొచ్చిన దొరలని కాదనే వీలెక్కడిది? ఆ ఘట్టం కుదించి చెప్పాను, వదల్లేదు. ఎదురింటి పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆళ్ళ పేర్లేటి?" అంది. ఆ దాసీలందరిలో కవి పేరు పెట్టింది ఒక్క మెలాంథోకి. మిగతావాళ్ళకి లేవని చెప్పాను. మర్నాడు తన నోటుపుస్తకంలో పదకొండు పేర్లు రాసుకొచ్చింది. నూకాలు, పైడమ్మ, సత్యవతి, అప్పలనర్స... అన్నీ మా ఊరి పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళ పేర్లే. పెర్సెఫొనీ కోసం తల్లి లోకాన్ని ఆపింది, తల్లి దేవత కాబట్టి. దాసీ తల్లులెవరూ కావ్యంలో కనిపించరు. ఆడవాళ్ళ కథలన్నీ ఒకటే అని తేలిగ్గా అనేసే నాలాంటివాళ్ళం ఈ పేర్ల జాబితా ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

ఇక మగపిల్లవాడి సంగతి. "మరి ఇందులో మంచోడెవడత్తా?" అని ఒకరోజు విసుక్కున్నాడు మేనల్లుడు. థీసియస్ తనని కాపాడిన అరియాడ్నిని దీవిలో వదిలేశాడు, జేసన్ మీడియాని వదిలేశాడు, టెలిమాకస్ అయితే కథ మొదట్లోనే తల్లిని నోరు మూసుకుని గదిలోకి పొమ్మన్నాడు. వాడి బాధ అర్థమైంది. వీరులందరినీ లాగేసుకుని వాడి చేతిలో ఏం పెడుతున్నాను? థీసియస్ చిక్కుదారిలో నడిచిన ధైర్యాన్నీ, తర్వాత చేసిన ద్రోహాన్నీ రెండూ వాడి ముందే ఉంచాను. ధైర్యం నిజమే, ద్రోహం కూడా నిజమే. మగపిల్లలకి దేవుడిలాంటి వీరుడే కావాలని ఎవరన్నారు? ఇద్దరు మంచి స్నేహితులు దొరికినా చాలు. వాడు పాట్రొక్లస్ చనిపోయినప్పుడు అకిలీజ్ ఏడ్చిన ఏడుపు దగ్గర ఆగి, ఆ పేజీ మళ్ళీ చదవమన్నాడు.

అమ్మ భయపడినట్టే ప్రశ్న గ్రీసులో ఆగలేదు. అల్క్‌మీనీ కథ విన్న రాత్రి, "ఇది అహల్యదే కదా?" అన్నాడు మేనల్లుడు. "ఆళ్ళ దేవుళ్ళనేమన్నా అనండి, మనోళ్ళ జోలికెళ్ళకండి" అంది అమ్మ. నిజానికి నాకున్న భయం ఇంకోటి. గ్రీకు దేవుళ్ళు చెడ్డవాళ్ళు, మన దేవుళ్ళు మంచివాళ్ళు అని పిల్లలు తీర్మానించుకుంటే ఈ చదువంతా వృథా. అందుకని అహల్యని కూడా అలాగే చదివాం. వాల్మీకి రామాయణంలో ఆమెకి వచ్చింది ఇంద్రుడని తెలుసు. శిక్షగా ఎవరికీ కనబడకుండా బూడిదలో పడి ఉంటుంది. తర్వాతి కథల్లో ఆమెకేం తెలియదు, అయినా రాయవుతుంది. తెలిసినా శిక్షే, తెలియకపోయినా శిక్షే. ఓల్గా 'విముక్త' సంపుటిలో అహల్య సీతతో మాట్లాడుతుంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న ఆ పుస్తకం పిల్లలది కాదు, పెద్దయ్యాక మా అమ్మాయి చేతికి ఇస్తాను. ఈలోగా అమ్మే ఒకరోజు తనంతట తనే, "రాముడొచ్చి రాయిని మనిషిని సేసాడు సరే, ఆ గౌతముణ్ణి ఎవులూ ఏటీ అడగలేదు" అంది. నేనేమీ అనలేదు.

ఏ పుస్తకం కొనమంటారని స్నేహితురాళ్ళు అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. డోలేర్ల పుస్తకం ఇంట్లో ఉంచుకోండి, బొమ్మల కోసం. పెళ్ళి అన్న చోటల్లా ఆగి పిల్లలని అడగండి, ఇది పెళ్ళేనా అని. పెర్సీ జాక్సన్ పెద్దపిల్లలు ఎలాగూ చదువుతారు, మెడూసా దగ్గర మాత్రం ఓవిడ్ ఏమన్నాడో పక్కన కూర్చుని చెప్పండి. కింగ్స్‌లీ భాష మనకి బాగా నచ్చుతుంది, కానీ అతని పాపపుణ్యాల లెక్క పిల్లలకి అక్కర్లేదు. హాథార్న్‌ని నేను పక్కన పెట్టేశాను. డిమీటర్ స్తోత్రం అనువాదం, విల్సన్ ఒడిస్సీ పెద్దవాళ్ళు చదివి, పిల్లలకి తెలుగులో నోటితో చెప్పాల్సినవి. పిల్లల కోసం తయారుచేసిన పుస్తకాలకన్నా రెండున్నర వేల ఏళ్ళ నాటి పద్యమే ఆ పిల్ల పక్షాన ఉండడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తెలుగులో ఈ పని చేసే పుస్తకం ఒకటి రావాలి. చందమామ వచనం అంత తేటగా ఉండి, హెలెన్‌ని హెలెన్ అని పిలిచే పుస్తకం. జ్యూస్ చేసింది పెళ్ళి కాదని చెప్పే పుస్తకం. డిమీటర్ సమ్మెనీ, దాసీల ఉరినీ దాచని పుస్తకం. ఆ స్తోత్రాన్ని పిల్లల తెలుగులోకి తేవడం మొదలుపెట్టాను. పాతాళ రాజు రథం భూమి చీల్చుకుని వచ్చే చోట "ఎత్తుకుపోయాడు" అని రాశాను, అక్కడ అనుమానం లేదు. దానిమ్మ గింజ దగ్గర ఇంకా ఆలోచిస్తున్నాను. కవి మాట ఒకటి, ఆమె మాట ఒకటి. రెండూ ఉంచుతాను, ఆమె మాట కాస్త పెద్ద అక్షరాల్లో వేయమందామా అని మా అమ్మాయి అడుగుతోంది.